నాడె గుర్తు పల్టన్

ఇనుప సందూక మూత తీయగానే ముందు ఎండు వేపాకు వాసన వస్తుంది, అది ముక్కు దాటాక దాని కింద నుంచి నెమ్మదిగా, పక్కింట్లో ఎవరో పొయ్యి ముట్టించినట్టు, గంజి వాసన వస్తుంది. వేపాకు ఏటా నేను మార్చేదే కాబట్టి అందులో వింత లేదు. గంజి పెట్టిన బట్ట మాత్రం ఆ పెట్టెలో ఒక్కటీ లేదు. నా పెండ్లినాటి కండువా, మా అవ్వ, అంటే అమ్మ, కట్టుకున్న ఆఖరి చీర, ఇంటి కాగితాలు, అన్నిటికీ అడుగున పాత క్యాలెండరు కాగితంలో మడిచిపెట్టిన అగ్గిపెట్టెంత ఆకుపచ్చ గుడ్డ ముక్క. దాని మీద పసుపు దారంతో కుట్టిన నాడె బొమ్మ ఉంది, మగ్గం మీద పడుగు పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె. మగ్గం ఎరుగని వాళ్లు దాన్ని పడవ అంటారు, తూటా అంటారు. మా చిన్న కోడలు కన్ను అనుకుంది. నేను ఎవరినీ దిద్దను. మా బాపు మిలిటరీలో ఉన్నప్పుడు భుజానికి పెట్టుకున్న గుర్తు అని మాత్రం చెబుతాను.

ఈ మాట అరవై ఏండ్లుగా చెబుతున్నాను. బడిలో లెక్కల సారుకు చెప్పి రెండు దెబ్బలు తప్పించుకున్నాను, పిల్లను చూడబోయిన ఇంట్లో చెప్పి మామగారి చేత కుర్చీ వేయించుకున్నాను, మందమర్రిలో బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో క్యాంటీన్‌లో చెప్పి నెలపాటు ఎవరో ఒకరి చాయ్ తాగాను. చెప్పిన కొద్దీ కథకు కండ పట్టింది. మొదట పాతిక మంది సిపాయిలు ఉండేవాళ్లు, తర్వాత మూడు వందల మంది అయ్యారు. ఒక ట్యాంకు వచ్చింది, నేను రిటైరయ్యే నాటికి దానికి ఇంకో రెండు తోడయ్యాయి. ఇప్పుడు నోట్లో పండ్లూ లేవు, కొలువూ లేదు కాబట్టి నిజం చెప్పడానికి అడ్డమేమీ లేదు. మా బాపు మిలిటరీలో ఎనిమిది రోజులు ఉన్నాడు. మెట్‌పల్లికి అవతల గోదావరి ఇసుకలో, నడి ఎండాకాలంలో. ఆయనకు ఎదురుగా ఉన్నది సినిమా కెమెరా.

ఇంత ఒప్పుకున్నా నా గర్వం వీసమెత్తు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలియాలంటే మా వాడలోకి రావాలి.

మెట్‌పల్లిలో మాది సాలెల వాడ. తెల్లవారకముందే వీధి పొడుగునా వెదురు గుంజలు పాతి పడుగు చాచేవాళ్లు, ఇద్దరు ముగ్గురు మగవాళ్లు చేటంత కుంచెలు పట్టుకుని జొన్నపిండి గంజి రాసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవాళ్లు, ఎండెక్కేలోపు ఆ పోగులు తీగల్లా బిగిసి మెరిసేవి, అంతవరకు ఆ వీధిలో బండి కదలడానికి వీల్లేదు. ఒకసారి తహసీల్దారు గారి జీపు కూడా పడుగు ఆరేదాకా ఆగిందని నేను చెబుతుంటాను. ఆగింది ఆయన బంట్రోతు సైకిలు. ఎండాకాలం పొద్దున అంబలి, అందులోకి ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు, మధ్యాహ్నం గిన్నె అడుగున ఎర్రగా మాడిన సర్వపిండి, ఇచ్చోడ అడవుల వైపు నుంచి వచ్చే బండ్లలో తునికి పండ్లు, మొర్రి పండ్లు, గోదావరి ఇసుకలో తీగ పారి కాసిన తర్బూజాలు. బతుకమ్మకు నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పీరీల పండుగకు దర్జీ యాకూబ్ చిచ్చా ఇంటి నుంచి మలీద ముద్దలు. పిల్లలం చిర్రగోనె ఆడి, గోటీలు ఆడి, అలసిపోతే అరిగిన నాడెలకు తాళ్లు కట్టి బండ్లని లాక్కుంటూ తిరిగేవాళ్లం.

ఇంటింటా గుంట మగ్గం ఉండేది. మనిషి నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించుకుని కూర్చుంటాడు, కాళ్లు కింద చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాయి, కుడి చెయ్యి తల మీద వేలాడే తాడును గుంజుతుంటుంది, గుంజిన ప్రతిసారీ నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు దూకుతుంది. కాలూ చెయ్యీ రెండూ ఒకే దెబ్బలో కదలాలి. ఆ చప్పుడును బట్టి ఏ ఇంట్లో ఎవరు నేస్తున్నారో మేము కండ్లు మూసుకుని చెప్పేవాళ్లం. మా బాపు నర్సయ్యది రెండు దెబ్బలు, ఒక చిన్న ఆగుడు, మళ్లీ రెండు దెబ్బలు. ఆ ఆగుడులో చుట్ట పీల్చేవాడు.

బాపు గురించి వాడలో ఒక సంగతి అందరికీ తెలుసు, ఆయన ముందు మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పెండ్లికి ముందు, మిలిటరీలో చేరాలని ఇంట్లో చెప్పకుండా కరీంనగర్ దాకా పోయి వరుసలో నిలబడ్డాడట. ఎత్తు సరిపోయింది, కండ్లు సరిపోయాయి, ఛాతీ దగ్గర తిప్పి పంపారు. గుంటలో వంగి కూర్చున్న వెన్ను, వంగి కూర్చున్న ఛాతీ. ఒక్కసారి, ఒక్కసారే, చుట్ట ఆరిపోయిన ఒక సాయంత్రం మా అవ్వతో అంటుంటే విన్నాను.

"కొలిసేటోడు ఊపిరి పీల్చుమన్నడు. పీల్చిన. ఇంకింత పీల్చన్నడు. ఇంక నా తాన ఎక్కడిది లచ్చవ్వా."

అవ్వ రాట్నం తిప్పుతూనే ఉంది. "పోనియ్ తీ" అంది.

నాకు పదేండ్లు నిండిన ఎండాకాలంలో మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ దిగింది. యుద్ధం సినిమా. కథ జరిగేది ఎడారిలో. అసలు ఎడారికి పోవడం దూరమని, ఎండాకాలం గోదావరి పాయలు పాయలుగా చీలి మధ్యలో కండ్లు చెదిరేంత ఇసుక పరుస్తుంది గనక, ఆ ఇసుకే ఎడారి అన్నారు. కంపెనీ వాళ్లు ఢిల్లీకి కాగితాలు రాసుకుని, కథ మొత్తం పంపించి, మిలిటరీ ఒప్పుకున్నాక వచ్చారు. మిలిటరీ వాళ్లు రెండు లారీలు, ఒక జీపు, పాతిక మంది సిపాయిలు, ఒక హవల్దారును ఇచ్చారు. వీటన్నిటి మీద ఒక కెప్టెన్ సాబును పంపారు. సన్నటి మనిషి, చంకలో ఫైలు, జేబులో ఎర్ర పెన్సిలు.

సినిమా అంటే డైరెక్టరుదే రాజ్యం అనుకున్నాం. అక్కడ చూస్తే, డైరెక్టరు ఏం చేయబోయినా ముందు ఆ ఎర్ర పెన్సిలు వైపు చూసేవాడు. నా సిపాయిలు నడుస్తారు, పరుగెత్తుతారు, లారీ ఎక్కుతారు, డైలాగులు మాత్రం చెప్పరు అన్నాడు కెప్టెన్. హీరో యుద్ధం మధ్యలో చెప్పకుండా ఇంటికి పోయి పెండ్లాన్ని చూసి వచ్చే సీను ఉంటే, సిపాయి అట్లా పోడు అని గీత కొట్టాడు. హీరో చెవుల మీదికి పడే జుట్టు చూసి, అది ఉంటే జీపు ఉండదు అన్నాడు. మా ఊరి మంగలి గోదావరి ఒడ్డున హీరో జుట్టు కత్తిరిస్తుంటే మూడు ఊళ్ల జనం చూశారు. పేల్చేవి ఉత్త మందు తూటాలే అయినా సాయంత్రం ప్రతి ఖాళీ గొట్టం తిరిగి పెట్టెలోకి రావాలి. ఒకరోజు ఒకటి దొరకక, హీరోతో సహా అందరూ మోకాళ్ల మీద కూర్చుని ఇసుక జల్లెడ పట్టారు. అది తర్బూజ తీగ కింద దొరికింది. దొరికింది నాకే అని చాలామందికి చెప్పాను. దొరికింది హవల్దారుకు. నేను ఆ తీగకున్న కాయ కోసం అక్కడ ఉన్నాను.

ట్యాంకు సంగతి కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. మిలిటరీ ట్యాంకు ఇవ్వలేదు. కంపెనీ వాళ్లు ఎద్దుబండికి చుట్టూ చెక్కలు కొట్టి, రంగు పూసి, ముందు ఒక పైపు పెట్టారు. ఎద్దుల తోకలు కనిపిస్తున్నాయి. కెప్టెన్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, దీన్ని మా ట్యాంకని చూపిస్తే ఒప్పుకోను, శత్రువులదని చూపించుకోండి అన్నాడు.

పాతిక మంది సిపాయిలతో పటాలం కనబడదు గదా. ఇంకో అరవై మంది కావాలి. మా వాడలో మగవాళ్లను అడిగారు. కెప్టెన్ దానికీ షరతు పెట్టాడు. వర్దీ వేసుకున్నవాడు సినిమావాడైనా సరే, వర్దీకి తగ్గట్టు నడవాలి. హవల్దారు వారం నేర్పుతాడు. చివరి రోజు నేను చూస్తాను. నడక రానివాడు వర్దీ విప్పి ఊరి జనంలో కూర్చుంటాడు. సినిమాలో పటాలం పోతుంటే ఒడ్డున కూర్చుని చూసే ఊరి జనం సీను ఒకటి ఉంది, దాంట్లో అన్నమాట. ఇంకో మాట కూడా చెప్పాడు. వర్దీ ఇసుక దాటి ఊళ్లోకి రాకూడదు, పని అయ్యాక ప్రతి అంగీ, ప్రతి టోపీ తిరిగి ఇచ్చేయాలి.

అందరికన్నా ముందు పేరు రాయించుకున్నది బాపు. ఆయనకు అప్పటికి నలభై దాటాయి. డైరెక్టరు మనిషి వయసు అడిగితే ముప్పై రెండన్నాడు. అబద్ధాలు నాకు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కొలతలు యాకూబ్ చిచ్చా తీశాడు. చిచ్చా మా వాడ మలుపులో మిషను పెట్టుకున్న దర్జీ, హవల్దారు హిందీని మాకు తెలుగు చేసి చెప్పేదీ ఆయనే. టేపు ఛాతీ చుట్టూ తిప్పేసరికి బాపు గోడకు మేకు కొట్టినట్టు నిలబడి ఊపిరి బిగబట్టాడు.

"నర్సన్నా, ఊపిరి ఇడువు. నేను అంగీకి కొల్త తీస్తున్న, కుస్తీ పోటీకి కాదు."

బాపు నోరు విప్పలేదు. విప్పితే ఛాతీ దిగిపోతుంది. వేలితో చిచ్చా కాగితం వైపు చూపించాడు, రాసుకో అన్నట్టు. మొహం ఎర్రబడుతోంది. చిచ్చా తల అడ్డంగా ఊపి రాసుకున్నాడు. అంగీ వచ్చాక చూస్తే ఛాతీ దగ్గర రెండు వేళ్లు వదులు. దాన్ని నింపాలంటే బాపు వేసుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టాలి.

వర్దీలు అయ్యాయి కానీ భుజానికి గుర్తు కావాలి. కంపెనీ వాళ్లు పులి బొమ్మ గీసుకొచ్చారు, అది ఫలానా పల్టన్‌ది, వద్దన్నాడు కెప్టెన్. కత్తులు తెచ్చారు, అవీ ఎవరివో. గద్దను తెస్తే అదీ ఉంది. నిజం పల్టన్ గుర్తు సినిమావాడి భుజం మీద ఉండకూడదు, ఏ పటాలానికీ లేనిది కావాలి. చిచ్చా మిషను ముందు తల పట్టుకుని కూర్చుంటే, చుట్ట వెలిగించుకోవడానికి వచ్చిన బాపు అన్నాడు, "నాడె కుట్టు భాయ్. గది ఎవ్వలికుంటది?"

నాడె తెచ్చి కెప్టెన్ చేతిలో పెట్టారు. అరచేతిలో అటూ ఇటూ తిప్పి, ఇనుప మొనను వేలితో తాకి, ఇదేం చేస్తుందని అడిగాడు. చిచ్చా చెప్పాడు. కెప్టెన్ ఫైలు తీసి చాలాసేపు రాసుకున్నాడు, రాసి ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. మూడు రోజుల్లో ఎనభై అయిదు నాడెలు మా వాడ ఆడవాళ్ల చేతుల్లో పసుపు దారంతో లేచాయి. నిజమైన సిపాయిలు కూడా సినిమా కోసం తమ గుర్తు తీసి మా నాడె పెట్టుకున్నారు. ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు, ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను.

నడక దగ్గర మా వాళ్లు హవల్దారును ఆశ్చర్యపరిచారు. ఉత్తరాది మనిషి, మీసాలు నిమ్మకాయ నిలబెట్టేంత, కొత్తవాళ్లకు కుడి ఎడమ నేర్పడానికి నెల పడుతుందని విసుక్కుంటూ మొదలుపెట్టాడు. మొదటిరోజే అరవై మంది కాళ్లు ఒక్క కాలులా లేచి పడ్డాయి. జీవితమంతా ఒకదాని తర్వాత ఒకటి తొక్కిన కాళ్లవి, వాటికి కొత్తగా నేర్పాల్సింది ఏముంది. హవల్దారు మీసాలు పైకి లేచాయి. అంతలో చేతులు చూశాడు. కాలు లేచిన ప్రతిసారీ అరవై కుడి చేతులు గాల్లో ఏదో తాడు అందుకుని కిందికి గుంజుతున్నాయి.

"యే సబ్ ఘంటీ క్యోఁ బజా రహే హైఁ?" అన్నాడు.

"అందరు గంట ఎందుకు కొడ్తున్నరని అడుగుతుండు" అన్నాడు చిచ్చా, నవ్వు ఆపుకుంటూ.

"గంట కాదు సాబ్, పంచెలు నేస్తున్నం" అన్నారు వెనక వరుస నుంచి ఎవరో.

కుర్రవాళ్లు నాలుగు రోజుల్లో చేతిని అదుపులోకి తెచ్చుకున్నారు. బాపు చెయ్యి ఆగలేదు. చెక్కతో చేసిన తుపాకులు వచ్చాక, వాటి పట్టీని భుజానికి వేసుకుని కుడి చేత్తో పట్టుకోమన్నారు. ఆ పట్టీ ఆయన చేతికి అచ్చం మగ్గం తాడులా దొరికింది. బూరుగు చెక్క తుపాకీ, దూదంత బరువు, అడుగడుక్కీ బాపు భుజం మీద కప్పలా ఎగిరేది. ఒడ్డున కూర్చున్న పిల్లలం నవ్వేవాళ్లం. నేను కూడా నవ్వాను, గట్టిగానే నవ్వాను. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఆరో రోజు కెప్టెన్ వచ్చి చూసి హవల్దారుతో ఏదో అన్నాడు. చిచ్చా తల వంచుకుని చెప్పాడు.

"రేపటికి చెయ్యి ఆగకుంటె నిన్ను జనంల కూసుండుమంటున్నరు నర్సన్నా."

ఆ సాయంత్రం బాపు ఇంటికి వచ్చి చుట్ట వెలిగించుకోలేదు. గోడకు ఆనించిన రోకలి వైపు చూస్తూ కూర్చున్నాడు. కరీంనగర్‌లో ఒకసారి పక్కకు నిలబెట్టారు, ఇప్పుడు సొంత ఊరి ఇసుకలో, తన నాడె అందరి భుజాల మీద ఉండగా, తాను మళ్లీ పక్కన కూర్చుని చూడాలి. అవ్వ రాట్నం ఆపింది.

"లెవ్. గీ వాకిట్ల నడువు" అంది.

బాపు నడిచాడు. చెయ్యి గుంజింది.

"సూసినవా. కాలు లేసిందంటె నీ చెయ్యి తాడు దేవులాడుతది. ఇరువై ఏండ్ల సంది ఎదురుంగ కూసోని సూస్తున్న, నాకు తెల్వదా. అన్నం తినేటప్పుడు కాలు ఊపితె బుక్క సుత జారిపోతది నీకు."

"ఏం జెయ్యమంటవ్ మరి, చెయ్యి కోసుకోవాల్నా?"

"గా రోకలి భుజాన ఏసుకో."

తాడు కట్టి రోకలిని భుజాన వేసుకుని నడిచాడు. చెయ్యి గుంజబోయింది, రోకలి కదల్లేదు. ఇంకో అడుగు. మళ్లీ గుంజబోయి, కదలక, చెయ్యి ఊరుకుంది. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు పది సార్లు తిరిగాడు. అవ్వ మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

"బరువుంటె చెయ్యి కూసుంటది" అంది, అంతే.

మరునాడు అంబలి కుండతో పాటు అవ్వ గోదావరికి వచ్చింది. మగ్గం మీద పడుగు బిగువు కోసం వేలాడదీసే ఇసుక సంచులు ఉంటాయి, పొడుగ్గా, కాకరకాయలా కుట్టినవి. అలాంటిదొకటి కొంగు కింద దాచి తెచ్చి, కెప్టెన్ రాకముందే బాపు తుపాకీ అడుగు పక్కన, కెమెరాకు కనబడకుండా, గట్టిగా కట్టేసింది. తుపాకీకి రంగు గుడ్డ చుట్టినట్టుంది.

కెప్టెన్ వచ్చాడు. అరవై మంది ఆయన ముందు నుంచి నడిచారు. ఒడ్డున నేను ఈసారి నవ్వలేదు, నా గోర్లు నేనే కొరుక్కుంటున్నాను. బాపు తుపాకీ ఎగరలేదు. మిగతా యాభై తొమ్మిది ఏదో ఒక మోతాదులో ఎగిరాయి, అది ఒక్కటే మనిషి భుజానికి అతికినట్టు ఉంది. కెప్టెన్ చెయ్యెత్తి ఆపాడు. బాపు దగ్గరికి వచ్చి తుపాకీ అందుకున్నాడు. ఇంకో చేత్తో పక్కనున్న సిపాయి నిజం తుపాకీ తీసుకున్నాడు. రెండూ ఒకసారి ఎత్తి చూశాడు, సంతలో కూరగాయలు తూచినట్టు.

"ఎవలు కట్టిండ్రని అడుగుతుండు" అన్నాడు చిచ్చా.

అవ్వ అంబలి కుండ ఇసుకలో దించి, కొంగు తల మీదికి లాక్కుని ముందుకు వచ్చింది.

"నేనే కట్టిన సాబ్. తప్పయితె ఇప్పుకుంట. ఆయనను మాత్రం పక్కకు కూసోబెట్టకుండ్రి."

చిచ్చా దాన్ని హిందీ చేశాడు. చాలా పొడుగ్గా చేశాడు. అవ్వ అన్నది రెండు ముక్కలు, చిచ్చా చెప్పింది పావుగంట అని చెబుతుంటాను. పావుగంట కాదు కానీ, అవ్వ చెప్పనివి ఏవో అందులో ఉన్నాయని మాత్రం తెలిసింది, ఎందుకంటే మధ్యలో కరీంనగర్ అనే మాట వినిపించింది.

కెప్టెన్ హవల్దారు వైపు తిరిగి, సాయంత్రానికి మిగతా యాభై తొమ్మిదింటికీ ఇట్లాంటి సంచులు కట్టించు అన్నాడు. చెక్క తుపాకీ మోసే భుజం చెక్క భుజంలాగే కనబడుతుందని, ఇప్పుడు భుజాలు నిజంగా కనబడుతున్నాయని హవల్దారు చిచ్చాకు చెప్పాడట. తర్వాత కెప్టెన్ బాపుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బాపు ఊపిరి బిగబట్టి ఉన్నాడు, మెడ నరాలు పైకి లేచాయి. కెప్టెన్ ఒక్క ముక్క మెల్లగా అన్నాడు.

"ఊపిరి ఇడువుమంటుండు నర్సన్నా" అన్నాడు చిచ్చా. "గీడ ఎవలు కొలుస్తలేరంటుండు."

బాపు ఊపిరి వదిలాడు. అంగీ గుడారంలా కూలింది. కెప్టెన్ ఆ వదులును రెండు చేతులా వెనక్కి లాగి, వీపు దగ్గర మడత పెట్టి, బెల్టు కిందికి తోసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. మూడో వరుస, ఎడమ నుంచి రెండో మనిషి. అది మా బాపు చోటు. ఆయన అరవై మందికి నాయకుడని నేను చెప్పుకున్నది అబద్ధం, మూడో వరుసలో రెండో మనిషి అన్నది నిజం.

ఎనిమిది రోజుల షూటింగు ముగిసిన రోజు వర్దీలు తిరిగి ఇవ్వడం జరిగింది. కెప్టెన్ ఫైలు తెరిచి కూర్చున్నాడు, ఒక్కొక్కరు వచ్చి అంగీ, ప్యాంటు, టోపీ, బెల్టు పెట్టి పోతున్నారు, కంపెనీ లారీలో మూటలు కడుతున్నారు. బాపు తన అంగీని మా వాడలో కొత్త పంచె మడిచినట్టు, అంచుకు అంచు ఆనించి, అరచేత్తో ఒత్తి మడిచి తెచ్చాడు. బనీను మీద, పంచె కట్టుకుని ఉన్నాడు. కెప్టెన్ అంగీ అందుకుని, చిచ్చా దగ్గర బ్లేడు అడిగి, భుజం మీద నాడె కుట్లు ఒక్కొక్కటీ తెంపి, ఆ ముక్కను బాపు చేతిలో పెట్టాడు.

"వర్దీ ఇయ్యరాదట" అన్నాడు చిచ్చా. "గిది మాత్రం ఏ సర్కార్‌ది కాదట. గీ పల్టన్ ఆయన కాగితాలల్ల ఏడ లేదట. అందుకని నీ తాన పెట్టుకొమ్మంటుండు."

దండం పెట్టాలా, సలాం కొట్టాలా తెలియక బాపు కుడి చెయ్యి సగం దాకా లేచి, అలవాటు కొద్దీ గాల్లో తాడు గుంజి, కిందికి దిగింది. హవల్దారు మీసాల చాటున నవ్వాడు. కెప్టెన్ నవ్వలేదు, ఆ గుంజుడుకు జవాబుగా తలాడించాడు.

సినిమా మా ఊళ్లో డేరా టాకీసుకు వచ్చిన రోజు మా వాడలో ఒక్క మగ్గం ఆడలేదు. పండుగ కాని రోజున అట్లా కావడం నాకు అదొక్కటే గుర్తు. అందరం నేల మీద కూర్చున్నాం. పటాలం ఇసుక దిబ్బ ఎక్కి దిగే సీను వచ్చింది. బాపు తెర మీద ఒక పాట చరణమంత సేపు కనబడ్డాడని చెబుతుంటాను. ఒక ఆవలింతంత సేపు కనబడ్డాడు. కెప్టెన్ అంతగా చెప్పినా వినకుండా ఊపిరి బిగబట్టే నడిచాడు, అంగీ నిండుగా, ఛాతీ ముందుకు, భుజాన నాడె. నా పక్కన నేల మీద కూర్చున్న బాపు కూడా ఊపిరి బిగబట్టి ఉన్నాడు. తెర మీద ఆయన దాటిపోయాక ఇక్కడ వదిలిన ఊపిరికి ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అవ్వ ఆయన మొహం చూడలేదట, భుజమే చూసిందట.

"తుపాకి ఎగురలే" అంది, ఇంటికి పోయేదాకా అదే మాట.

ఇప్పుడు మా వాడలో గుంటలన్నీ పూడ్చి బండలు పరిచారు. మా ఇంటి గుంట ఉన్నచోట నా మంచం ఉంది. పవర్‌లూమ్‌లు వచ్చాక ఒకరి చప్పుడుకూ ఇంకొకరి చప్పుడుకూ తేడా పోయింది, తర్వాత అవి కూడా ఒక్కొక్కటి ఆగిపోయాయి. వీధిలో పడుగు చాచడం చూసినవాళ్లు ఇక నలుగురైదుగురం ఉంటాం. చిచ్చా మిషను పెట్టిన మలుపులో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. తర్బూజాలు కాసిన ఇసుకను లారీలు ఎత్తుకుపోయాయి. ఆ సినిమా కోసం మా పిల్లలు ఎక్కడెక్కడో వెతికి, రీలు ఎవరి దగ్గరా లేదన్నారు. అరవై మందిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. అంటే ఏ కాగితంలోనూ లేని ఆ పల్టన్‌కు మిగిలిన గుర్తు ఈ గుడ్డ ముక్క, దాన్ని నమ్మించడానికి నా నోరు.

కాబట్టి రేపు ఎవరైనా అడిగినా మా బాపు మిలిటరీలో ఉన్నాడనే చెబుతాను. ఇకమీద ఎనిమిది రోజులు అని కూడా కలుపుతాను. పూర్తిగా ఒప్పుకోవాలంటే ఎనిమిది కూడా కాదు, ఆరు. రెండు రోజులు గాలిదుమారం లేచి కెమెరా బయటికే తీయలేదు. మిగతావాళ్లు వర్దీలు విప్పి ఒడ్డున చింతచెట్ల కిందికి చేరారు. బాపు విప్పలేదు. ఆ రెండు రోజులూ పొద్దుగూకేదాకా, తుపాకీ భుజాన వేసుకుని, ఇసుక మొహాన కొడుతుంటే, తన చోటులో, మూడో వరుసలో ఎడమ నుంచి రెండో మనిషి నిలబడాల్సిన చోటులో ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను చూశాను. అందుకని వాటినీ లెక్క వేస్తాను.